డ్రెస్డెన్ కంప్యూటరూ, దాని పాత కాగితాలూ

డ్రెస్డెన్ అనగానే మనవాళ్ళకి రెండు విషయాలు స్ఫురిస్తాయి. 1945 ఫిబ్రవరిలో బాంబుల వర్షానికి నేలమట్టమై మళ్ళీ లేచిన ఊరన్నది మొదటిది. చిప్పులు చేసే ఊరన్నది రెండవది. ఇన్ఫినియాన్, గ్లోబల్ ఫౌండ్రీస్, బాష్ కంపెనీల కర్మాగారాలు ఇక్కడ ఉన్నాయి. తైవాను వారి టీఎస్ఎమ్‌సీ భాగస్వామిగా మరొకదానికి 2024 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. వాటి పుణ్యమా అనీ, ఇక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయం పుణ్యమా అనీ, ట్రాములో వెనక సీటు నుంచి గోదావరి యాస వినబడినా తల తిప్పి చూడటం నేను మానేసి చాలా కాలమైంది.

ఈ చిప్పుల హడావిడికి చాలా ముందు, 1984లో, ఇదే ఊళ్ళో ఒక ఇంటి కంప్యూటరు పుట్టింది. కొన్నేళ్ళే బతికింది. తర్వాత దాన్ని తయారుచేసిన సంస్థా, ఆ సంస్థ ఉన్న దేశమూ కూడా పోయాయి. అయినా ఆ కంప్యూటరుకి ఇవాళ్టికీ ప్రోగ్రాములు రాసేవాళ్ళున్నారు. ఇదెలా సాధ్యం అని ఆరా తీస్తే, సమాధానం యంత్రంలో కన్నా దాని చుట్టూ అచ్చయిన చవక కాగితాల్లో దొరికింది. ఆ సంగతే చెబుదామని ఈ వ్యాసం.

నాకీ విషయం తగిలించినది మా ఆఫీసులో నా పక్క సీటాయన. నా ఈడువాడే, యాభై దాటాయి. (మా ఆఫీసులో ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలవాలి. పదిహేనేళ్ళయినా నాకు నోరు తిరగదు. మనసులో ‘గారు’ తగిలించుకునే పిలుస్తాను.) ఒక రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర, బళ్ళో మొదటిసారి ముట్టుకున్న కంప్యూటరు గురించి మాటలొచ్చాయి. నాది బీబీసీ మైక్రో అని చెప్పాను. భారత ప్రభుత్వం 1984లో మొదలుపెట్టిన ‘క్లాస్’ పథకం కింద మా బడికి రెండొచ్చాయి. గది బయట చెప్పులు విడిచి, కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళేవాళ్ళం. మీలో చాలామందికి ఆ గది వాసన ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. ఆయనది ‘కా-త్సే 85/1’ అన్నాడు. మర్నాడు ఒక బూట్ల అట్టపెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అందులో కంప్యూటరు లేదు. పసుపుపచ్చగా మారిన కాగితాలున్నాయి.

కాగితాల దగ్గరకి వెళ్ళే ముందు యంత్రం గురించి నాలుగు ముక్కలు.

అప్పటి తూర్పు జర్మనీలో కంప్యూటర్లకి మూలవిరాట్టు రోబోట్రాన్ అనే ప్రభుత్వ సంస్థల కూటమి. 1969లో ఏర్పడింది, ప్రధాన కార్యాలయం డ్రెస్డెన్. 1989 నాటికి అందులో సుమారు 68 వేల మంది పనిచేసేవారు. అసలు ఈ ఊళ్ళో కంప్యూటర్ల పిచ్చి అంతకు ముందు నుంచే ఉంది. ఇక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో నికోలస్ యోఆహిమ్ లేమన్ అనే ఆచార్యుడు 1950లలోనే కంప్యూటర్లు కట్టడం మొదలుపెట్టాడు. ఒక గదికి సరిపడే యంత్రాలు పెద్ద పెద్ద సంస్థలకే పనికొస్తాయి, ప్రతి ఇంజనీరుకీ తన బల్ల మీద ఒకటి ఉండాలి అన్నది ఆయన పట్టుదల. 1963లో డీ4ఏ అని బల్ల మీద పట్టే కంప్యూటరు చేసి చూపించాడు కూడా. ‘పర్సనల్ కంప్యూటరు’ అనే మాట జనం నోళ్ళలో పడటానికి పదిహేనేళ్ళ ముందు మాట ఇది!

ఇక మన కథానాయకుడు. 1984 వసంతంలో లైప్జిగ్ సంతలో ‘జెడ్ 9001’ పేరుతో ప్రదర్శనకొచ్చింది. తయారీ డ్రెస్డెన్‌లోని రోబోట్రాన్ కొలత పరికరాల కర్మాగారం. లోపల యు880 అనే ప్రాసెసరు. అమెరికా వారి జైలాగ్ జెడ్80కి ఇది కవల పిల్లాడు. పశ్చిమ దేశాలు ఇటువంటి సామాగ్రి తూర్పుకి అమ్మకూడదని నిషేధం పెట్టాయి కాబట్టి, విప్పి చూసి తామే చేసుకున్నారు. 16 కిలోబైట్ల జ్ఞాపకం, కాలుక్యులేటరు మీటల్లాంటి బుల్లి మీటలు, టీవీ తెరకి తగిలించుకునే తీగ, ప్రోగ్రాములు దాచుకోవటానికి మామూలు క్యాసెట్ రికార్డరు. తెర మీద వరసకి 40 అక్షరాలు, 24 వరసలు. బేసిక్ భాష లోపల ఉండేది కాదు. క్యాసెట్టు నుంచి ఎక్కించుకోవాలి, లేదా విడిగా ఒక మాడ్యూలు గుచ్చుకోవాలి. 1987లో వచ్చిన ‘కా-త్సే 87’లో గానీ బేసిక్ పుట్టుకతో రాలేదు.

పేరు వెనక ఒక తమాషా ఉంది. కా-త్సే అంటే ‘చిన్న కంప్యూటరు’ అనే జర్మన్ మాటకి పొట్టిపేరు. మొదట్లో దీన్ని ‘ఇంటి కంప్యూటరు’ అనే అన్నారు. కానీ తయారైన వాటిల్లో సింహభాగం బళ్ళకీ, ఆఫీసులకీ, శిక్షణ కేంద్రాలకీ పోయేది. ఇంటికి దొరికేది కాదు. దొరకని వస్తువుకి ఇంటిపేరెందుకని కాబోలు, పేరు మార్చేశారు. అదే సమయంలో మ్యూల్‌హౌజెన్ అనే ఊళ్ళో మరో కర్మాగారం వేరే కంప్యూటరు చేస్తే దానికి ‘కా-త్సే 85/2’ అని పేరు పెట్టారు. ఒకటి, రెండు అని అంకెలు చూసి అన్నదమ్ములనుకునేరు! ప్రాసెసరు ఒకటే తప్ప, ఒకదాని ప్రోగ్రాములు రెండోదాని మీద నడవవు. మ్యూల్‌హౌజెన్ యంత్రానికి 320 అడ్డం, 256 నిలువు చుక్కల బొమ్మల తెర ఉంది. డ్రెస్డెన్ యంత్రానికి అక్షరాలే గతి. ఈ తేడా కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

సరే, ఇల్లు చేరని కంప్యూటరుకి అభిమానులెక్కడ నుంచి వచ్చారు? బళ్ళ నుంచీ, సాయంత్రం క్లబ్బుల నుంచీ వచ్చారు. నా సహోద్యోగికి వారానికి రెండు గంటలు మాత్రమే యంత్రం చిక్కేదట. మిగిలిన ఆరు రోజులూ కాగితం మీదే ప్రోగ్రాములు రాసుకునేవాడు. మా బళ్ళో మాదీ అదే బతుకు. యంత్రం తక్కువా ఆశ ఎక్కువా అయినప్పుడు ముద్రిత కాగితానికి విలువ పెరుగుతుంది. ఆ విలువ తెలిసిన చిన్న ప్రచురణలు తూర్పు జర్మనీలో కొన్ని ఉండేవి.

ఆ అట్టపెట్టెలో పైన కనబడినవి ‘క్లైన్‌స్ట్‌రెష్నర్ టిప్స్’ అనే పల్చటి పుస్తకాలు. బుల్లి కంప్యూటర్ల చిట్కాలు అనుకోవచ్చు. లైప్జిగ్‌లోని ఫాఖ్‌బూఖ్ ప్రచురణాలయం 1980ల మధ్య నుంచి వరసగా వేసింది. పుస్తకానికి ఒక పాఠం, పది పన్నెండు ప్రోగ్రాములు, కొద్దిగా లెక్కలు. వాటి కింద కట్టలుగా ‘ఫుంక్‌అమాట్యోర్’ పత్రిక కత్తిరింపులు. 1952లో మొదలైన హామ్ రేడియో పత్రిక ఇది. రేడియోలు కట్టే పత్రికకి కంప్యూటర్లతో పనేమిటంటారా? 1983 డిసెంబరు సంచికలో మొదలుపెట్టి, ఇంట్లో కూచుని కంప్యూటరు కట్టుకోవడం ఎలాగో ధారావాహికగా వేశారు. దాని పేరు ఏసీ1. మన వారపత్రికల సీరియల్ కోసం ఎదురుచూసినట్టు, తర్వాతి నెల సంచికలో వచ్చే సర్క్యూట్ బొమ్మ కోసం ఎదురుచూసిన కుర్రాళ్ళున్నారంటే నమ్మాలి.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం రీజా ఊరి కిట్టు. డ్రెస్డెన్‌కి దగ్గరలోనే ఉంటుందా ఊరు. అక్కడి రోబోట్రాన్ కర్మాగారం 1985 చివర్లో ‘జెడ్ 1013’ అనే కిట్టు అమ్మకానికి పెట్టింది, 650 మార్కులకి. పూర్తి వేగంతో పరుగెత్తలేక పరీక్షలో తప్పిన ప్రాసెసర్లని పారేయకుండా, సగం కన్నా తక్కువ వేగంతో ఇందులో వాడారు. కావలసినవాళ్ళు కార్డుముక్క మీద రాసి పంపాలి, పిలుపు కోసం ఆగాలి, వెళ్ళి తెచ్చుకోవాలి, మీటల పలక తామే టంకం వేసుకోవాలి. ఇంత అవస్థలోనూ ఒక గొప్ప పని చేశారు. కిట్టుతో పాటు ఇచ్చిన పుస్తకంలో మొత్తం సర్క్యూట్ బొమ్మా, యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రామూ అచ్చువేసి ఇచ్చేశారు. దాపరికం లేదు. ‘ఓపెన్ సోర్స్’ అనే మాట అప్పటికింకా పుట్టలేదు. పైపెచ్చు, అన్నిటినీ దాచే రాజ్యంలో ఈ ఒక్కటీ దాచలేదు! కారణం ఆదర్శమేమీ కాదనుకుంటాను. పాడైతే బాగుచేసే దిక్కు లేదు, ఎవరిది వాళ్ళే చూసుకోవాలి, అంతే.

ఈ పుస్తకాలు కొనుక్కోవడం కూడా ఒక విద్యే. ప్రచురణాలయాలకి కాగితం కోటా ప్రకారం వచ్చేది. ఎంతమంది అడిగినా కోటాకి మించి అచ్చు పడదు. కాబట్టి కొట్లో బల్ల మీద ఎప్పుడూ ఉండవు. తెలిసినవాళ్ళొస్తే కొట్టువాడు వంగి, బల్ల కింద నుంచి తీసి ఇస్తాడు. అలా వంగి ఇచ్చే సరుకుకి జర్మన్లో ‘బ్యూక్‌వారె’ అనే మాటే ఉంది, ‘వంగుడు సరుకు’. మన రేషను కొట్టు రోజులు చూసినవాళ్ళకి ఈ మాటకి వ్యాఖ్యానం అక్కరలేదు.

దొరకనివాళ్ళు చేత్తో ఎత్తి రాసుకున్నారు. ఫోటోకాపీ తీసుకుందామంటే యంత్రాలకి తాళాలు. అచ్చువేయడానికి అనుమతి సంఖ్య కావాలి. ప్రింటరు తగిలించిన కంప్యూటరంటే ఓ బుల్లి ముద్రణాలయమే కదా, అధికారులకి అది సుతరామూ నచ్చని విషయం. బూట్ల పెట్టెలో మూడోవంతు కాగితాలు టైపు మిషను మీద కార్బన్ పెట్టి కొట్టినవి. బళ్ళో క్లబ్బు పిల్లలు తమలో తాము పంచుకున్నవి. నాలుగో కాపీ అయ్యేసరికి అక్షరాలు ఊదారంగు మచ్చల్లా ఉన్నాయి.

మరో దారి గాలిలో ఉండేది. 1980ల చివర్లో రేడియో డీడీఆర్ కంప్యూటరు ప్రోగ్రాములని శబ్దంగా ప్రసారం చేసింది. విని క్యాసెట్టు మీద ఎక్కించుకుంటే చాలు. ఇందుకు వాడినది బేసికోడ్ అనే పద్ధతి. దీన్ని కనిపెట్టినది డచ్చి రేడియోవారు. ఒక్కో కంప్యూటరు బేసిక్ ఒక్కో రకంగా ఏడుస్తుంది కనుక, అందరికీ ఉమ్మడిగా ఉన్న మాటలే వాడాలని నియమం పెట్టారు. 1000కి లోపు వరస సంఖ్యలు ఏ యంత్రానికి ఆ యంత్రం తనకు తగ్గట్టు రాసుకునే ఉపప్రోగ్రాములకి వదిలేశారు. అసలు ప్రోగ్రాము 1000 నుంచి మొదలు. తెర తుడవాలంటే 100కి వెళ్ళి రా, అది నీ యంత్రంలో ఎలా జరుగుతుందో నాకు అనవసరం. జావా వాళ్ళు ‘ఒక్కసారి రాయి, ఎక్కడైనా నడుపు’ అని డప్పు కొట్టడానికి పదేళ్ళ ముందే, హాలండు రేడియో నుంచి ఈలల రూపంలో ఈ ఆలోచన వినబడింది. బెర్లిన్‌లోని టెక్నిక్ ప్రచురణాలయం 1990లో బేసికోడ్ మీద ఒక పుస్తకం వేసి, దానితో పాటు ప్రోగ్రాములున్న గ్రామఫోను రికార్డు కూడా ఇచ్చింది. గ్రామఫోను రికార్డు మీద సాఫ్టువేరు! నా సహోద్యోగి దగ్గర పుస్తకం ఉంది, రికార్డు ఎవరో అరువు పట్టుకెళ్ళి తిరిగివ్వలేదట.

ఆ పుస్తకం వచ్చేనాటికే ఆట ముగిసింది. 1989 నవంబరులో బెర్లిన్ గోడ తెరుచుకుంది. 1990 జులై 1న పశ్చిమ జర్మనీ మార్కు వచ్చింది. ఆ వారంలోనే కొట్లలో సరుకంతా మారిపోయింది. కామడోర్లూ, అమీగాలూ డబ్బు పెడితే దొరుకుతుంటే కా-త్సే ఎవరిక్కావాలి? రోబోట్రాన్ కూటమిని ముక్కలు చేశారు. (ఆ పేరుతో ఒక డేటాబేసు సాఫ్టువేరు కంపెనీ ఈ ఊళ్ళో ఉంది, అది 1990లో పుట్టిన ముక్క.) నగరం నడిబొడ్డున ఉన్న రోబోట్రాన్ భవనాలని 2010లలో కూలగొట్టడం మొదలుపెట్టారు. ఉద్యోగుల క్యాంటీను భవనాన్ని మాత్రం జనం పట్టుబట్టి నిలుపుకున్నారు.

పుస్తకాల గతి ఇంకా ఘోరం. తూర్పు జర్మనీ ప్రచురణలు ఇక అమ్ముడుపోవని, గిడ్డంగులు ఖాళీ చేయటానికి టన్నులకొద్దీ కొత్త పుస్తకాలని లైప్జిగ్ దక్షిణాన బొగ్గు తవ్విన ప్రాంతంలో చెత్తగా పారబోశారు. 1991లో ఈ వార్త చూసి మార్టిన్ వెస్కాట్ అనే పాస్టరు, పశ్చిమాన కాట్లెన్‌బుర్గ్ అనే ఊరి నుంచి బళ్ళు కట్టుకొచ్చి, ఏరుకుని, లక్షల పుస్తకాలని తన చర్చి కొట్టాల్లో దాచాడు. పారబోసిన గుట్టల్లో సాహిత్యంతో పాటు సాంకేతిక పుస్తకాలూ ఉన్నాయి.

కంప్యూటరు పుస్తకాలని బతికించినవాళ్ళు మరొకరు. యంత్రం పారేయడానికి మనసొప్పని కొద్దిమంది కలిసి కా-త్సే క్లబ్బుగా ఏర్పడ్డారు. ‘కా-త్సే న్యూస్’ అని ఒక పత్రిక నడిపారు. రాసేదీ వాళ్ళే, చదివేదీ వాళ్ళే. చూడటానికి మన ఊళ్ళలో హైస్కూలు పిల్లలు తీసే లిఖిత పత్రికలా ఉంటుంది. కానీ లోపల ఉన్న సరుకు వేరు. కర్మాగారం మూతపడ్డాక మ్యూల్‌హౌజెన్ యంత్రానికి ఆపరేటింగు సిస్టం కొత్త కూర్పులు వీళ్ళే రాశారు, కొత్త మాడ్యూళ్ళు వీళ్ళే చేశారు. ఏటా ఒకచోట కలుస్తారు. పాత పుస్తకాలని స్కాను చేసి, అచ్చుతప్పులు దిద్ది, అచ్చులో ఉన్న ప్రోగ్రాములని వేలితో మళ్ళీ కొట్టి భద్రపరిచారు. ఈ యంత్రాలని మన లాప్‌టాపు మీద అనుకరించే జేకేసీఈఎమ్‌యు అనే జావా ప్రోగ్రాము కూడా ఇటువంటి శ్రమ ఫలితమే. జావా రాసి పొట్టపోసుకునే మనవాళ్ళు ఒకసారి దింపుకుని చూడండి, ఉచితమే.

ఈ మధ్య పాత కంప్యూటర్ల మీద ఖరీదైన పుస్తకాలు వేసే చిన్న ప్రచురణకర్తలు పశ్చిమ దేశాల్లో బాగా పెరిగారు. ఇంగ్లండులో బిట్‌మ్యాప్ బుక్స్ 2014లో కామడోర్ 64 ఆటల బొమ్మలతో మొదలుపెట్టి మంచి పేరు తెచ్చుకుంది. నిగనిగలాడే కాగితం, గట్టి అట్ట. మా ఇంట్లోనూ ఒకటుంది, కాఫీ బల్ల మీద. బాగుంటుంది. కానీ దానితో కంప్యూటరు నడపలేం. అది జ్ఞాపకాల ఆల్బం. లైప్జిగ్ చిట్కాల పుస్తకం చూస్తే కళ్ళు చెదరవు, కానీ ఇవాళ కూడా దాన్ని ముందు పెట్టుకుని పనిచేయించవచ్చు. రెండిట్లో ఒకటే ఉంచుకోమంటే నా ఓటు రెండోదానికే.

హక్కుల గొడవ ఒకటి మిగిలింది. రోబోట్రాన్ కూటమి లేదు, చాలా ప్రచురణాలయాలు చేతులు మారాయి, రచయితలు ఎక్కడున్నారో తెలియదు. జర్మన్ చట్టం ప్రకారం రచయిత పోయాక 70 ఏళ్ళ దాకా హక్కులుంటాయి. అంటే 1986లో అచ్చయిన ప్రోగ్రాముకి ఈ శతాబ్దం చివరి దాకా కూడా యజమాని ఉండవచ్చు, ఆ యజమానికి ఆ సంగతి తెలియకపోవచ్చు. ఇటువంటి అనాథ రచనల కోసం ఐరోపా సమాఖ్య 2012లో ఒక ఆదేశం తెచ్చింది. అది గ్రంథాలయాలకీ, మ్యూజియములకీ వర్తిస్తుంది తప్ప, సాయంత్రం పూట వంటింటి బల్ల మీద స్కాను చేసే మనిషికి వర్తించదు. కాగితం మాత్రం చట్టం తేలేదాకా ఆగదు. అప్పటి నాసిరకం కాగితం ముట్టుకుంటే అప్పడంలా విరుగుతోంది.

నా సహోద్యోగి బెంగ కూడా అదే. పిల్లలకి అక్కరలేదు, ఇల్లు మారుతున్నాడు, ఈ పెట్టె ఏం చేయాలి? వారాంతంలో ఇద్దరం కలిసి స్కాను చేద్దామన్నాను. మొదటి ఆదివారం కొంత చేశాక, చేతులు దురద పెట్టి, కార్బన్ కాపీల్లోంచి ఒక ఆట తీసి అనుకరణ యంత్రంలో కొట్టడం మొదలుపెట్టాను. చంద్రుడి మీద నౌకని మెల్లిగా దింపే ఆట. నూటనలభై వరసలు. కొట్టి నడిపితే నేల గీసేచోట ఆగిపోయింది. తప్పు నాదేనని మూడుసార్లు సరిచూసుకున్నాను.

తప్పు నాది కాదు. ఆ ప్రోగ్రాము మ్యూల్‌హౌజెన్ యంత్రం కోసం రాసినది. నేలని చుక్కలతో గీస్తుంది, ‘పీసెట్’ అనే ఆజ్ఞతో. డ్రెస్డెన్ యంత్రం మీద ఆ ఆట సాగదు. అప్పుడు కాగితం దీపం కింద పెట్టి చూస్తే, మార్జిన్లో పెన్సిలు గీత. ‘పీసెట్’ కొట్టేసి, పక్కన పోక్, మైనస్ 5120, దానికి వరస సంఖ్యని 40తో గుణించి కలుపు అని చిన్న అక్షరాల్లో ఉంది. డ్రెస్డెన్ యంత్రంలో తెర జ్ఞాపకం మొదలయ్యే చిరునామా 60416. 16 బిట్లని గుర్తుతో సహా చదివే ఆ బేసిక్‌లో అది మైనస్ 5120 అవుతుంది. ఎవరో పదహారేళ్ళ కుర్రాడు, వారానికి రెండు గంటల యంత్రంతో, చుక్కల నేలని అక్షరాల నేలగా మార్చుకున్నాడు. ఆ ఒక్క వరస మార్చాను. నేల వచ్చింది. నౌక కూలిపోయింది, అది మాత్రం నా చేతకానితనమే.

ఆ చేతిరాత నీదేనా అని అడిగితే, కాదన్నాడు. క్లబ్బులో ఎవరిదో, పేరు గుర్తులేదట.

ఆ రాత్రి మా అమ్మకి ఫోను చేశాను. బళ్ళో మా మాస్టారు సైక్లోస్టైల్ తీసి ఇచ్చిన బేసిక్ నోట్సు, అందులో మేమంతా బీబీసీ మైక్రో కోసం పెన్సిలుతో రాసుకున్న కొట్టివేతలు, అటక మీద ఏమైనా ఉన్నాయా అని. అటక ఎప్పుడో దులిపించామంది. కానీ నా పేరు రాసి ఉన్న రేకు పెట్టె ఒకటి పక్కన పెట్టిందట. తాళంచెవి కోసం వెతుకుతోంది.